మూడూళ్ళలో పోయిన నా ముక్కు

జలుబుతో ఎవరూ చావరని లోకంలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించినవాడికి నాకొచ్చిన జలుబు వచ్చి ఉండదు. వచ్చి ఉంటే అనడానికి గొంతూ, తుడుచుకోవడానికి తువ్వాలూ రెండూ మిగిలేవి కావు. ఇప్పుడు ఒళ్ళు కుదుటపడింది. అయినా ఆ చలికాలం గుర్తుకొస్తే గుండె మిల్లు పట్టాలా కొట్టుకుంటుంది. ఆ దడ తగ్గించుకోవడానికి కొంత, జలుబు చేసి బెంగ పెట్టుకున్న సాటివాళ్ళకు ధైర్యం చెప్పడానికి కొంత, ఇది రాస్తున్నాను. నేను సంగతులు పెంచి చెబుతానని మా ఇంటావిడ అనసూయ ఊరంతా చెబుతుంది. నమ్మకండి. నా కష్టాలన్నీ ఆమె కంటికి చిన్నవిగా కనబడతాయి, అంతే.

మార్గశిరం

మాది సూర్యాపేటలో ఒకప్పుడు వడ్లు, బియ్యం వ్యాపారం చేసిన ఇల్లు. నా పని మాత్రం మిర్యాలగూడలో లక్ష్మయ్య సేటు మిల్లుకు సరుకు చూసి పెట్టడం. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, జారిన గింజల్ని అరచేతిలో పోసుకుని, వెచ్చగా ఒక ఊపిరి ఊది, ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఆ ధాన్యం ఏ కళ్లంలో తడిసిందో, ఏ గదిలో ముక్కిపోయిందో చెప్పేస్తాను. కుప్ప మీద కూర్చుని చుట్ట కాల్చినవాడు ఏ ఊరి పొగాకు వాడతాడో కూడా చెబుతాను. నిజానికి సేటు నన్ను పెట్టుకోలేదు, నా ముక్కును పెట్టుకున్నాడు. దాని వెనకాల తప్పనిసరిగా వస్తాను కాబట్టి నన్ను కూడా లోపలికి రానిస్తున్నాడు.

అది డెబ్బై ఒకటో సంవత్సరం. సాగర్ కాలువ నీళ్ళొచ్చి వేములపల్లి చుట్టూ ఎటు చూసినా వరే. తెల్లవారగానే కళ్లాలు చూడ్డానికి పోయాను. మంచు సన్నగా కురుస్తోంది. వడ్లు పిడికిట్లోకి తీసుకున్నానో లేదో, మొదటి తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముకు కుప్ప మీది పిచ్చుకలన్నీ లేచి ఖమ్మం జిల్లాలో దిగాయి. తూర్పార పట్టడానికి చాటలు పట్టుకుని గాలి కోసం ఎదురుచూస్తున్న రైతు ఒకాయన నా వైపు ఆశగా చూశాడు.

"సేటూ, గాలి లేక పొద్దటిసంది కూసున్నం. గట్లనే ఇంకో రెండు తుమ్మరాదు, పొల్లు పోతది."

తుమ్మాను. ఆయన కుప్పంతా శుభ్రమైంది. నేను మాత్రం పాడైపోయాను.

ఇంటికొచ్చేసరికి ముక్కు కృష్ణానదికి ఉపనది. అనసూయ మిరియాల కషాయం పోసింది. పసుపు కొమ్ము కాల్చి పొగ పట్టించింది. వావిలాకు వేసి కాచిన నీళ్ళ కుండ ముందు కూర్చోబెట్టి, పైన గొంగడి కప్పింది. ఆ గొంగడి కింద నేను కుడుములా ఉడికాను గాని జలుబు ఉడకలేదు. చివరికి ఆమే చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది.

"లేవుండ్రి. దవాఖానకు పోదాం. మీ తుమ్ములకు గోడ సున్నమంత రాలుతున్నది."

బస్టాండు వెనక వీధిలో డాక్టరుగారి దవాఖాన. ఆయన కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. బయటి గదిలో బెంచీల మీద సగం తాలూకా కూర్చుని ఉంది. ఒకరు దగ్గు ఎత్తుకుంటే గది మొత్తం అందుకుని భజనలా సాగదీస్తున్నారు. నా వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోగా ప్రాణం పోతే వంతు ఎవరికిస్తారన్నది నా దిగులు. పక్కన కూర్చున్న ముసలమ్మ కొంగు ముడి విప్పి సొంఠి ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"దవడకు పెట్టుకో కొడుకా. నీ కోసం గాదు, నా కోసం. నువ్వు తుమ్మినప్పుడల్లా నా పానం ఎగిరి పడుతున్నది."

డాక్టరుగారు గులాబీరంగు మిక్చరు ఇచ్చారు. సీసా పక్కన ఒక్కో మోతాదుకు ఒక్కో మెట్టు కత్తిరించిన కాగితం అంటించి ఉంది. మెట్టు మెట్టుగా దిగాను. జలుబు పోయింది. ఇంట్లో కొబ్బరికాయ కొట్టారు.

పుష్యం

మిల్లుకు పోయాను. బియ్యం బస్తాలు వరసగా పెట్టి ఉన్నాయి. గొట్టం గుచ్చాను, ఊదాను, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. "బ్రహ్మాండం సేటూ, పూలలాంటి సరుకు!" అన్నాను. లక్ష్మయ్య సేటు ఒక గుప్పెడు తీసుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"రంగయ్యా! గిది ముక్కిపోయింది గదయ్యా! గేటు కాడి కుక్క గూడ వాసనకు లేశి అవతలికి పోయింది. నీకు తగల్తలేదా?"

మళ్ళీ పీల్చాను. గాలి వచ్చింది, పోయింది. వాసన రాలేదు. గుమాస్తా అగరుబత్తి వెలిగించి తెచ్చాడు. లేదు. కిరసనాయిలు డబ్బా మూత తీశాడు. లేదు. ఆఖరికి తన చెప్పే తీసి నా మొహం ముందు పెట్టాడు. మిల్లులో పనివాళ్ళంతా వెనక్కి తగ్గారు. నేను మాత్రం గులాబీ పువ్వు ముందు నిలబడినట్టు నిలబడ్డాను. ముక్కు ఉంది. లోపల మనిషి లేడు.

"ఏమైంది నీకు?" అన్నాడు సేటు.

"జలుబు చేసింది సేటూ. గులాబీ మిక్చర్ తాగిన. జలుబు పోయింది. ముక్కు గూడ పోయింది" అన్నాను. జరిగినవి జరిగిన వరసలో చెప్పాను. వింటున్నవాళ్ళు మాత్రం వాటిని వరసగా వదిలెయ్యలేదు, ముడి వేశారు. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

సేటు మంచివాడే. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఉగాది దాంక సూస్త రంగయ్యా. గప్పటికి గూడ రాకపోతే ఇంకో ముక్కును ఎతుక్కోవాలె. ఏమనుకోకు. మిల్లు వాసన మీద నడుస్తది."

ఏమనుకోకుండా ఎలా ఉంటాను? నాకు చదువు లేదు, పొలం లేదు, బస్తా మోసే నడుము లేదు. ముఖం మధ్యలో ఉన్న ఆ ఒక్క ఆస్తీ పోయింది.

ఇంట్లో ఇంకో యుద్ధం. పప్పూ, పచ్చిపులుసూ, గోంగూరా అన్నీ తడి మట్టిలా ఉన్నాయి. అనసూయ నా ఎదురుగా కూర్చుని అడిగేది.

"ఉప్పు సరిపోయిందా?"

"తెల్వదు."

"పులుపు?"

"తెల్వదు."

"ఇన్నేండ్లు బాగలేదంటిరి. ఇప్పుడు తెల్వదంటున్నరు. నాకైతే గిదే నయం" అని లేచిపోయేది. వంటింట్లో గిన్నెలు అవసరమైనదాని కన్నా గట్టిగా చప్పుడయ్యేవి.

అప్పుడు కోదాడ నుంచి మా బావమరిది నర్సింహం దిగాడు. అక్కడ బట్టల దుకాణం నడుపుతాడు. చెప్పులు కూడా విడవకుండానే మొదలుపెట్టాడు.

"బావా, నువ్వు తాగింది గులాబీ మిక్చరేనా?"

"అవును."

"అయ్యో! ఇగ ఖతం. మా కోదాడల ఒకాయనకు గదే మందు తాగి ముక్కు సచ్చిపోయిందట. బస్టాండు కాడి హోటల్ల అందరు అదే ముచ్చట."

ఆ తర్వాత మిల్లుకు పోతే గుమాస్తా అన్నాడు, మిర్యాలగూడలో ఇంకొకాయనకు కూడా పోయిందని. సూర్యాపేటలో పాన్ డబ్బా దగ్గర నిలబడితే డబ్బావాడూ అదే పాట. మన ఊళ్ళోనే ఒక పెద్దమనిషికి పోయిందట!

ఇక్కడ మా వ్యాపారుల పద్ధతి ఒకటి చెప్పాలి. వడ్ల ధర తెలుసుకోవాలంటే మేము ఒక్క ఊరి మాట నమ్మం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళ మధ్య లారీ డ్రైవర్లు ధరలు మోసుకొస్తారు. ఒక్క ఊరి నుంచి వస్తే అబద్ధం. రెండూళ్ళ నుంచి వస్తే పుకారు. మూడూళ్ళ నుంచీ ఒకే మాట వస్తే అదే ధర, ఇక ఆ మాట మీద బండ్లకు బండ్లు కదిలిపోతాయి. మా తాతల నుంచీ ఈ లెక్క తప్పలేదు. ఇప్పుడు మందు సంగతిలో కూడా మూడూళ్ళ మాట ఒక్కటైంది. బజారు తీర్పు చెప్పేసింది. మిక్చరు ముక్కును చంపుతుంది. అంతే! దవాఖాన బెంచీలు ఖాళీ అయ్యాయి. దగ్గొచ్చిన వాళ్ళు ఆ వీధిలోంచి పోవాల్సి వస్తే దగ్గును మింగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పోయేవాళ్ళు.

నేను మాత్రం ఆనందం పట్టలేకపోయాను! నేను ఒంటరివాణ్ణి కాదు! ఇంకో ముగ్గురున్నారు! వాళ్ళను పట్టుకుని ఒక్క మాట అడగాలి. మళ్ళీ వచ్చిందా? ఒక్కడికైనా వచ్చిందంటే చాలు, నాకూ వస్తుంది.

మాఘం

నర్సింహాన్ని వెంటబెట్టుకుని ముందు కోదాడ పోయాను. బస్టాండు దగ్గరి హోటలాయన చాయ్ గ్లాసులు కడుగుతూనే కథ ఎత్తుకున్నాడు.

"ఆయనాండీ? పాపం చాలా మంచోడంటండీ. గులాబీ మందు తాగాడంట. బస్తా చూస్తుండగానే ముక్కు ఊడి బియ్యంలో పడిపోయిందంట. ఇంకా దొరకలేదంట."

నేను గభాలున నా ముక్కు పట్టుకుని చూసుకున్నాను.

"నువ్వు సూశినవా?" అన్నాడు నర్సింహం.

"నేనెక్కడ చూశానండీ! లారీ డ్రైవరు చెప్పాడు. మిర్యాలగూడ మిల్లు కాడ జరిగిందంట."

నర్సింహం నన్ను పక్కకు లాగాడు. "బావా, గిదంత నీ ముచ్చట లెక్కనే ఉన్నది."

"నాది ఊడలేదు గదరా! ఇది నా కన్నా పెద్ద కేసు. పద, ఆయన్ను చూడాలె!"

మిర్యాలగూడ బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుని, ముక్కు లేని ఆ మహానుభావుడికి ఎలా దండం పెట్టాలా అని దారంతా ఆలోచించాను. మిల్లులో గుమాస్తాను గట్టిగా నిలదీశాం. ఆ రెండోవాడు ఎవరు, ఎక్కడుంటాడు?

"గాయన కోదాడ దిక్కు మనిషేనట. గాడ ఆయన బామ్మర్దికి బట్టల దుకాణం గూడ ఉన్నదట" అన్నాడు గుమాస్తా.

నర్సింహం మొహం మెల్లగా నా వైపు తిరిగింది. "బావా, కోదాడల బట్టల దుకాణమున్న నాకు ఒక్కడే బావ. గా బావవు నువ్వే."

నేను వినిపించుకోలేదు. ఇంకొకడున్నాడు కదా! సూర్యాపేటకు తిరిగొచ్చి పాన్ డబ్బావాణ్ణి అడిగాను. మన ఊరి పెద్దమనిషి ఎవరని.

"పేరు తెల్వదు గని, మిర్యాలగూడ మిల్లుకు సరుకు సూస్తడట. జర మాటలెక్కువ మనిషట" అన్నాడు వాడు, నా ఆకుకే సున్నం రాస్తూ.

పాన్ నోట్లో పెట్టుకోకుండా అలాగే నిలబడ్డాను. ముగ్గురు లేరు. ఉన్నది నేనొక్కణ్ణే. ధరలు మోసినట్టే లారీలు నా ముక్కును మోసుకుని మూడూళ్ళు తిప్పి, ఒక్కో ఊళ్ళో ఒక్కో మనిషిని దించాయి. మూడు బస్తాలు చూశామనుకున్నాం. చూసింది ఒకే బస్తా, గొట్టం మాత్రం మూడుసార్లు గుచ్చారు. పోయిన ముక్కు తిరిగొచ్చిందని చెప్పేవాడు ఈ లోకంలో ఒక్కడూ లేడు.

"అయితేంది బావా," అన్నాడు నర్సింహం. "ముగ్గురికి గాకున్నా ఒక్కనికైతే అయింది గద. నీకు."

అదీ నిజమే. అనసూయనూ వెంటబెట్టుకుని మరునాడు దవాఖానకు పోయాను. బయటి గదిలో ఒక్క మనిషి లేడు. బెంచీ మీద డాక్టరుగారే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"రండి రంగయ్యగారూ! మీ ముక్కు పోతూ పోతూ నా పేషెంట్లను కూడా తీసుకుపోయింది. కూర్చోండి, బెంచీలన్నీ మీవే."

"డాక్టరుగారూ, మీ మందే నా ముక్కును తీసిందా?"

ఆయన వెంటనే లేదు అనేస్తారనుకున్నాను. అనలేదు. పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఆ మందుకు నిద్రొస్తుంది, నోరు ఎండుతుంది. అవి నాకు తెలుసు. ముక్కు పోవడం నేనైతే చూడలేదండీ. నేను చూడలేదు కాబట్టి జరగదని చెప్పను. కాని జలుబే ముక్కును తీసుకుపోవడం చాలాసార్లు చూశాను. అందుకని ఒకటి చెప్పండి. మీకు వాసన పోయింది మందు తాగాకా, ముందా?"

నోరు తెరిచాను. జలుబు రోజుల్లో నేను వాసనల గురించి ఆలోచించానా? తుమ్ముల లెక్కలో మునిగి ఉన్నాను.

"ముందే పోయింది" అంది అనసూయ.

ఇద్దరం ఆమె వైపు తిరిగాం.

"దవాఖానకు రాకముందు సంగతి. పాలు పొయ్యి మీద పెట్టి నేను నీళ్ళకు పోయిన. పాలు పొంగి, గిన్నె మాడి, ఇల్లంత పొగ, కంపు. పక్కింటోళ్ళు ఇల్లు అంటుకున్నదని బిందెలు పట్టుకోని ఉరికొచ్చిండ్రు. ఈయన పొయ్యి పక్కన్నే కూసున్నడు డాక్టర్ సాబ్! నన్ను సూశి, 'ఏందే, గీ యాల ఇంట్లకు గూడ మంచొస్తున్నది' అన్నడు."

డాక్టరుగారు నవ్వాపుకోలేక పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"గీ మాట ముందుగాల ఎందుకు చెప్పలేదే?"

"నన్నెవరు అడిగిండ్రు? మూడూళ్ళు తిరిగి అడిగిండ్రు గని, ఇంట్ల ఒక్కనాడన్న అడిగిండ్రా?"

డాక్టరుగారు పేపరు దించారు. "అయితే మందు లోపలికి పోయేటప్పటికే ముక్కు లేదన్నమాట. మీ ముక్కు విషయంలో మాత్రం దాని మీద నేరం నిలవదండీ."

"మరి వస్తదా?"

"ఎక్కువమందికి మెల్లగా వస్తుంది. కొందరికి చాలా ఆలస్యమవుతుంది. ఎవరికో రాకపోవచ్చు కూడా. మాటివ్వలేను."

"ఉగాదికల్లా?"

"ముక్కుకు పంచాంగం తెలీదండీ రంగయ్యగారూ."

ఆ రోజు డాక్టరుగారు నాకు ఏ మందూ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బాగుండేదనిపించింది. చేతిలో సీసా ఉంటే ధైర్యంగా ఉంటుంది కదా.

ఫాల్గుణం

ఎండలు ముదురుతున్నాయి. ఉగాది దగ్గర పడుతోంది. అనసూయకు ఏం తోచిందో, రోజూ పొద్దున నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, కొంగుతో నా కళ్ళకు గంతలు కట్టి, ముక్కు దగ్గర ఒక్కొక్కటీ పెట్టడం మొదలుపెట్టింది. ఇంగువ, నిమ్మకాయ, మెంతులు, పాత ఆవకాయ.

"గిదేంది?"

"గాలి."

"గిది?"

"గాలి."

"ఈ గాలి పెట్టిన జాడీ మూత తీస్తే వీధి చివరి దాంక తుమ్ముతరు" అనేది. విసుక్కునేది కాదు. నేను తిండి సగంలో వదిలేసి లేస్తే మునుపటిలా గిన్నెలు చప్పుడయ్యేవీ కావు. ఒకరోజు గంతలు విప్పుతూ మెల్లగా అంది.

"రాకపోతే ఏమైతదండి? కండ్లున్నయ్, చేతులున్నయ్. ఇంకేదన్న పని సూసుకుందాం."

ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆమె కూడా ఆశ వదులుకుందన్నమాట.

ఉగాదికి ముందు ఒక పొద్దున మిర్యాలగూడ బస్సెక్కాను. ఇంకో ముక్కును చూసుకోమని సేటుకు నా నోటితో నేనే చెబుదామనుకున్నాను. ఆయన చేత చెప్పించుకోవడం కన్నా అదే గౌరవం. వాక్యాలు కూడా తయారుచేసుకున్నాను. బస్సు ఊళ్ళోకి తిరిగింది.

ఊరు మొదట్లోనే ఉప్పుడు బియ్యం మిల్లులుంటాయి. అక్కడ వడ్లు తొట్లలో నానబోసి, ఆ నీళ్ళు బయటి మురుగు కాలువలోకి వదులుతారు. ఎండకు పులిసిన ఆ నీళ్ళ సంగతి ఆ దారిన పోయినవాడికి చెప్పనక్కర్లేదు. బస్సులో అందరి తువ్వాళ్ళూ, కొంగులూ ఒక్కసారిగా ముక్కుల మీదికి లేచాయి. నేను అలాగే కూర్చుని ఉన్నాను. ఎక్కడో దూరంగా, దారప్పోగు అంత సన్నగా, ఏదో పుల్లగా తగిలింది. ఊపిరి బిగబట్టాను. మళ్ళీ పీల్చాను. మళ్ళీ తగిలింది! ఈసారి తాడంత! ఇంకోసారి! ఏనుగంత!

"ఆపుండ్రి! బస్సు ఆపుండ్రి!" అని లేచి అరిచాను.

కండక్టరు ఉరికొచ్చాడు. "ఏమైందే పెద్దమనిషి? పానం బాగలేదా?"

"కంపు! కంపు కొడుతున్నది!"

"ఆఁ, కొడ్తది. రోజు కొడ్తది. గందుకని బస్సాపాల్నా?"

"ఆపాలె! దిగి సూస్త!"

బస్సంతా నన్ను చూసి నోరు తెరిచింది, ముక్కులు మూసుకునే. దిగి ఉరికాను. ఆ మురుగు కాలువ గట్టు మీద నిలబడి, ఛాతీ పగిలేదాకా పీల్చాను. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కొంత కంపుకు, కొంత సంతోషానికి. ఆ మిల్లు వాచ్‌మన్ నేను కాలువలో దూకుతానేమోనని వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. వాణ్ణి కౌగిలించుకున్నాను. వాడి బీడీ వాసన కూడా వచ్చింది!

లక్ష్మయ్య సేటు నా మాట వట్టిగా నమ్మలేదు. వ్యాపారి కదా. కళ్ళు మూసుకోమని నాలుగైదు గుప్పెళ్ళు మార్చి మార్చి పెట్టాడు. పాత బియ్యానికీ కొత్త బియ్యానికీ తేడా తెలియలేదు. ముక్కిన బియ్యం దగ్గర మాత్రం మొహం దానంతటదే పక్కకు తిరిగింది.

"చాలు" అన్నాడు సేటు. "సగం వచ్చింది. మిగతా సగం గూడ వస్తది తియ్. కూసో, చాయ్ తాగు."

ఆ చాయ్‌లో అల్లం ఉందని తెలిసినప్పుడు నేను ఎంత గట్టిగా అరిచానో మిల్లువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇది మాత్రం వాళ్ళు పెంచలేదు.

ఉగాది దాటాక

మిగతా సగం కూడా మెల్లమెల్లగా వచ్చింది. దవాఖాన బెంచీల మీదికి దగ్గులు కూడా తిరిగొచ్చాయి. ఒకరోజు బస్సు దిగి మిల్లుకు నడిచి పోతుంటే అదే మురుగు కాలువ గట్టు మీద ఒక మనిషి నిలబడి కనిపించాడు. మెడలోని తువ్వాలు తీసి భుజాన వేసుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా పీలుస్తున్నాడు.

"ఈడేం చేస్తున్నవ్ తమ్మీ?"

"నాది చిలుకూరు అన్నా. జలుబు చేసి ముక్కు పోయింది. చాన దినాలయింది, ఏ వాసనా వస్తలేదు. ఈ కాలువ కాడ పీలిస్తే వస్తదట. ముగ్గురికి వచ్చిందట! కోదాడల ఒకాయనకు, సూర్యాపేటల ఒకాయనకు, గీ ఊర్ల ఒకాయనకు."

నేను ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, దాంట్లోంచే నిజం చెప్పాను.

"ముగ్గురు గాదు తమ్మీ. ఒక్కడే. ఆ ఒక్కణ్ణి నేనే. ఈ కంపు వల్ల వచ్చిందో, వచ్చేటప్పుడు ఈ కంపు ఎదురైందో నాకే తెల్వదు. ఊరికే ఈడ నిలబడి వాంతి చేసుకోకు."

ఆయన కళ్ళు తెరిచి నా దగ్గరకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముగ్గురి సంగతి ఇడిశిపెట్టన్నా. నీకు పోయిందా? మొత్తానికి పోయిందా?"

"మొత్తానికి పోయింది. చెప్పు తెచ్చి పెట్టినా తెల్వలేదు."

"మరి వచ్చిందా? నిజంగ వచ్చిందా?"

"వచ్చింది."

ఆయన నా చెయ్యి వదల్లేదు. నేను తువ్వాలు తీసేసి, ఆయనను గట్టు మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చున్నాను. ఆయనకు ఏమీ తగలడం లేదు, నాకు అంతా తగులుతోంది. అయినా ఆయన లేచేదాకా నేను లేవలేదు.